పెట్టెలో దాచిన నాణేలు

నా చిన్ననాటి మిత్రుని తమ్ముడొకడు ఈ మధ్య ఫోను చేశాడు. వాడికి ఆడపిల్ల పుట్టింది. "అన్నయ్యా, ఏటా టంకశాలవాళ్లు విడుదల చేసే నాణేల సెట్టు ఒక్కొక్కటి కొని పాప పేరున దాచిపెడదామనుకుంటున్నాను. పద్దెనిమిదేళ్లకి చదువుకు అక్కరకొస్తాయి. నీకు ఈ నాణేల పిచ్చి ఎలాగూ ఉంది కదా, మంచి పెట్టుబడేనంటావా?" అని అడిగాడు.

అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చి చెప్పవలసిన ప్రశ్న. నేను తేల్చలేకపోయాను. సరిగ్గా ఇదే ఆలోచన 1999లో, న్యూజెర్సీలో మా అమ్మాయి పుట్టిన ఏడాది, నాకూ వచ్చింది. అప్పుడు నేను ఎవరినీ అడగలేదు. "రేపు చెబుతానురా" అని ఫోను పెట్టేసి, అలమరా పై అరలోంచి అట్టపెట్టె ఒకటి కిందికి దించాను. దాని సంగతి తరువాత. ముందు ఈ ఆశకు మూలమెక్కడుందో చూడాలి. అది వెతుక్కుంటూ పోతే దారి 1936 నాటి అమెరికాకు చేరుతుంది.

ప్రూఫ్ నాణెం అంటే ఏమిటో రెండు మాటలు. బజారులో చెలామణి అయ్యే నాణేన్ని యంత్రం ఒక్క దెబ్బతో అచ్చువేసి సంచిలోకి విసిరేస్తుంది. ప్రూఫ్ నాణేనికి అలా కాదు. లోహపు బిళ్లకు ముందే మెరుగు పెడతారు, అచ్చుకూ మెరుగు పెడతారు, ఒకటికి రెండు సార్లు అచ్చువేస్తారు. ఆ పైన చేతితో తాకకుండా కవరులో పెడతారు. నాణెంమీది బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా, చుట్టూ ఉన్న ఖాళీ భాగం అద్దంలా ఉంటుంది. ఒక ఏడాది ముద్రించిన నాణేలన్నిటినీ ఇలా తయారుచేసి ఒక్కచోట అమ్మితే అది ప్రూఫ్ సెట్టు.

అమెరికా టంకశాల 1916 తరువాత ఇరవయ్యేళ్లపాటు ఇటువంటి నాణేలను ప్రజలకు అమ్మలేదు. 1936లో మళ్లీ మొదలుపెట్టింది. సెంటు మొదలుకొని అర డాలరు దాకా అయిదు నాణేలు. ముఖవిలువ మొత్తం 91 సెంట్లు, తపాలా ఖర్చుతో కలిపి ధర 1.89 డాలర్లు. అప్పట్లో నాణేలను విడివిడిగానే అమ్మేవారు. అన్నిటికన్న తక్కువగా అమ్ముడుపోయిన పావు డాలరు 3,837 మాత్రమే కనుక, లోకంలో అంతకు మించి పూర్తి సెట్లు ఉండడానికి వీల్లేదు. అది ఆర్థిక మాంద్యం రోజులు. 91 సెంట్ల సొమ్ముకు రెండింతలు చెల్లించి, ఖర్చు పెట్టకుండా దాచుకోగలిగినవాడు ఆనాటి అమెరికాలో అరుదు. ఆ సెట్టు నేడు వేల డాలర్లు పలుకుతోంది. నాణేల సెట్లు పెట్టుబడి అని వాదించేవారు మొట్టమొదట చూపే సాక్ష్యం ఇదే.

అదే ఏడాది అక్కడ మరో సెట్టు కూడా వచ్చింది. ఆ కథ నాకు మరింత ముచ్చటగా ఉంటుంది. సిన్సినాటి నగరం అమెరికా సంగీతానికి కేంద్రమై యాభై ఏళ్లయిందంటూ, ఆ స్మారకార్థం మూడు టంకశాలల అర డాలర్లు మూడింటిని కలిపి సెట్టుగా వెలువరించారు. ఒక్కో టంకశాలనుంచి దాదాపు 5,000 నాణేలు. ధర 7.75 డాలర్లు. 1886లో సిన్సినాటిలో సంగీతపరంగా ఏమి జరిగిందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు! నాణెం మీది బొమ్మ స్టీఫెన్ ఫాస్టర్ అనే పాటల రచయితది. ఆయన 1864లోనే కాలం చేశాడు, ఆ ఊరితో ఆయనకున్న బంధమల్లా అంతకు ముందెప్పుడో అక్కడ కొంతకాలం పద్దులు రాయడమే. ఈ వ్యవహారం నడిపించిన థామస్ మెలిష్ నాణేల సేకరణలో పండిపోయినవాడు. సెట్లలో అధికభాగం ఆయన చేతుల్లోనే ఉండిపోయాయని నాణేల చరిత్ర రాసినవారు చెబుతారు. డబ్బు పంపినవారిలో చాలామందికి "అయిపోయాయి" అన్న జవాబు వచ్చింది. కొద్ది నెలల్లోనే అవే సెట్లు ఎన్నో రెట్ల ధరకు బయటికి రాసాగాయి.

ఆ ఏడాది అమెరికాలో స్మారక అర డాలర్ల జాతర నడిచింది. ఊరికొక ఉత్సవం, ఉత్సవానికొక నాణెం. 1937 వచ్చేసరికి కొనేవాడు కరవై ధరలు దిగజారాయి. 1939లో అమెరికా కాంగ్రెసు చట్టం చేసి, అంతకు ముందు అనుమతించిన స్మారక నాణేల ముద్రణను కూడా నిలిపివేసింది.

ఈ రెండు సెట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. మొదటిది అరుదు కావాలని ఎవరూ అనుకోలేదు, కొనేవాడు లేక అరుదయింది. రెండోది పుట్టుకతోనే అరుదుగా తయారైంది, ఆ అరుదు ఖరీదు తయారుచేసినవాడే ముందుగా వసూలు చేసుకున్నాడు. ఆ తరువాతి తొంభై ఏళ్లలో మార్కెట్టులోకి వచ్చిన ప్రతి సెట్టూ తాను మొదటి దాని వంశం అని చెప్పుకుంటుంది. చాలావాటి గోత్రం మాత్రం రెండోదానిది.

యుద్ధం వల్ల 1942 తరువాత ఆగిన ప్రూఫ్ సెట్లు 1950లో తిరిగి వచ్చాయి. ధర 2.10 డాలర్లు. ఆ ఏడు అమ్ముడుపోయినవి 51,386. 1936 సెట్టు కథ పాకిపోయింది. 1.89 డాలర్ల వస్తువు వందల డాలర్లయిందని విన్నవాడెవడైనా ఏం చేస్తాడు? ఈ ఏటి సెట్టు ఒకటి కొంటాడు. కాస్త తెలివైనవాడు పది కొంటాడు. 1956లో 6,69,384 సెట్లు అమ్ముడుపోతే 1957లో 12,47,952 అమ్ముడయ్యాయి. కొందరు టంకశాలనుంచి వచ్చిన కవరు కూడా విప్పలేదు, విప్పని కవరుకు ధర ఎక్కువని. లోపలి నాణేలను చూడని నాణేల ప్రియులు అలా తయారయ్యారు. ఆ 1957లోనే ధరలు ఒక్కసారిగా కూలాయి.

పన్నెండు లక్షల నలభై ఏడు వేల సెట్లు అమ్ముడైన వస్తువు ఎవరికి అపురూపమవుతుంది? 1957 సెట్టు ఈనాటికీ ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది, విప్పని కవరుతో సహా. దానిలోని సుమారు 19 గ్రాముల వెండే దాని ధరను నిలబెడుతోంది. నాకు లెక్కలు వేయడం సరదా కనుక ఒక లెక్క వేశాను. అమెరికా ధరల సూచీ ప్రకారం 1957 నాటి 2.10 డాలర్లు 2024లో 23 డాలర్లకు సమానం. సెట్టు ధర కూడా ఇంచుమించు ఆ ప్రాంతంలోనే ఉండింది. అంటే అరవై ఏడేళ్లు జాగ్రత్తగా దాచిన ఫలితం, ధరల పెరుగుదలతో సరికి సరి. అదే మనిషి 1957లో ఆ 2.10 డాలర్లకు ఒట్టి వెండి ముక్క కొని పడేసి ఉంటే? అప్పుడు ఔన్సు వెండి 90 సెంట్ల పైచిలుకు. రెండు ఔన్సుల మీద కొంచెం వచ్చేది. 2024 సగటు ధర 28 డాలర్ల లెక్కన అది అరవై డాలర్లు దాటుతుంది. మెరుగూ కవరూ లేని వెండి ముక్క ప్రూఫ్ సెట్టును రెండింతలకు పైగా మించిపోయింది.

ఇంతకన్న కళ్లు తెరిపించే కథ ఒక అయిదు సెంట్ల నాణేనిది. 1950లో డెన్వర్ టంకశాల ఆ నాణేలను 26,30,030 మాత్రమే ముద్రించింది. జెఫర్సన్ బొమ్మ ఉన్న ఆ వరుసలో అదే అతి తక్కువ సంఖ్య. ఆ సంగతి ఆరంభంలోనే తెలిసిపోవడం దాని పాలిట శాపమయింది. వర్తకులూ, సేకరించేవారూ నలభయ్యేసి నాణేల రోళ్లుగా, సంచులుగా కొని దాచేశారు. 1960లలో రోళ్ల వ్యాపారం జూదంలా సాగినప్పుడు, 1964 నాటికి రెండు డాలర్ల ముఖవిలువ గల రోలు 1,200 డాలర్లకు చేరింది. నాణెం ఒక్కింటికి 30 డాలర్లు. ఇళ్లు కట్టుకుందామనీ, పిల్లలను కాలేజీకి పంపుదామనీ ఆ రోళ్లను దాచుకున్నవాళ్లు ఉండే ఉంటారు. మరుసటి ఏడే ఆ బుడగ పగిలింది. ఈనాటికీ ఆ నాణెం మామూలు స్థితిలో ఇరవై డాలర్లలోపే దొరుకుతుంది. అప్పటి 30 డాలర్లు ఇప్పటి మూడు వందలకు సమానమని మరిచిపోకూడదు.

అదే డెన్వర్ టంకశాలలో 1939లో ముద్రించిన అయిదు సెంట్ల నాణేలు 35,14,000. అంటే 1950 వాటికన్న దాదాపు తొమ్మిది లక్షలు ఎక్కువ. అయినా, వాడకుండా మిగిలిన 1939 నాణెం ధర 1950 దానికన్న ఎన్నో రెట్లు. కారణం తేలికే. 1939లో దాన్ని దాచాలని ఎవరికీ తోచలేదు. జనం వాటితో కాఫీ తాగారు, ట్రాము ఎక్కారు, పిల్లలకు మిఠాయిలు కొనిపెట్టారు. ఎన్ని ముద్రించారన్న అంకె ప్రతి ప్రకటనలోనూ పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఎందరు దాచారన్న అంకె ఎక్కడా ఉండదు, ధరను నిర్ణయించేది మాత్రం అదే.

1964లో అమెరికాలో చిల్లర కరవు వచ్చింది. దుకాణదారులు చిల్లర లేక అవస్థపడ్డారు. ఆనాటి టంకశాల అధిపతి ఈవా ఆడమ్స్ నేరాన్ని సేకరించేవారి మీద మోపింది. 1965 నాణేల చట్టం పది సెంట్ల, పావు డాలరు నాణేల్లోంచి వెండిని పూర్తిగా తీసివేసింది. సేకరించేవారికి ఆసక్తి కలగకుండా నాణేలమీద టంకశాల గుర్తులు కూడా తొలగించారు. 1965 నుంచి 1967 వరకు ప్రూఫ్ సెట్లే లేవు. 1968లో గుర్తులూ, సెట్లూ తిరిగి వచ్చాయి, ఈసారి ధర అయిదు డాలర్లు. సేకరించేవాణ్ణి దొంగలా చూసిన ప్రభుత్వం మెల్లమెల్లగా అతణ్ణి మంచి గిరాకీగా గుర్తించడం నేర్చుకుంది. ఆ చదువు పూర్తయింది 1999లో.

ఆ సంవత్సరం మొదలైన యాభై రాష్ట్రాల పావు డాలర్లు అప్పుడు అక్కడున్న మన తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఏడాదికి అయిదు రాష్ట్రాల చొప్పున పదేళ్లు, డెలవేర్‌తో ఆరంభం. గోడకు తగిలించే అమెరికా పటం అట్ట, దానిలో యాభై గుంటలు. దుకాణంలో చిల్లర ఇస్తే తిప్పి చూడని మనిషి లేడు. 2008 వరకు మూడు వేల నాలుగు వందల కోట్లకు పైగా నాణేలు ముద్రించారు. తయారీకి అయ్యే ఖర్చు ముఖవిలువలో కొంత భాగమే కనుక, మన సొరుగులో పడి తిరిగి రాని ప్రతి పావు డాలరూ ప్రభుత్వానికి లాభం. పౌరులు ఆనందంగా, వడ్డీ అడగకుండా ఇచ్చిన అప్పు అది. ఇంత అందమైన పన్ను మరొకటి నాకు తెలియదు.

ఆ ఏటి వెండి ప్రూఫ్ సెట్టు ధర 31.95 డాలర్లు. ఎనిమిది లక్షల పైచిలుకు అమ్ముడయ్యాయి. యాభై రాష్ట్రాల వరుస పూర్తి చేయాలంటే మొదటి ఏటిది తప్పనిసరి కావడంతో, మధ్యలో వచ్చి చేరినవాళ్లంతా దానికోసం ఎగబడ్డారు. కొన్నేళ్లలో మూడు వందల డాలర్లు దాటింది. వరుస పూర్తయింది, జనం ఇతర వ్యాపకాల్లో పడ్డారు, ధర వందకు అటూ ఇటూ దిగింది. 31.95కు కొన్నవాడికి అప్పటికీ నష్టం లేదు. కాని అప్పుడు అది వార్త కాదు. అది వార్త అయ్యే నాటికి ధర మూడు వందలు.

నేను కొన్నది వెండిది కూడా కాదు. 19.95 డాలర్ల మామూలు లోహపు సెట్టు. వెండిదానికి మరో పన్నెండు డాలర్లు పెట్టడానికి చేతులు రాలేదు. ఆ రోజుల్లో ఇంటికి ఫోను చేయడానికి కార్డులు కొనుక్కునేవాళ్లం, పన్నెండు డాలర్లంటే రెండు కార్డులు. అలా ఆరేళ్లు, ఆరు సెట్లు. మూడేళ్ల కిందట వాటిని నాణేల వర్తకుడొకాయన దగ్గరికి తీసుకువెళ్లాను. మర్యాదస్తుడు. ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూసి, ఒక్కోదానికి నాలుగు డాలర్లు ఇస్తానన్నాడు. నా మొహం చూసి, తన వెనక అరలో నిలువుగా పేర్చిన అవే సెట్ల వరుసను చూపించాడు, అటక దాకా ఉంది. నేను వాటిని తిరిగి ఇంటికి తెచ్చుకున్నాను.

మన దేశం సంగతీ చూడాలి కదా. స్వతంత్ర భారతంలో మొదటి స్మారక నాణేలు 1964లో నెహ్రూగారివి. 1969లో గాంధీ శతజయంతికి వెండి పదిరూపాయల నాణెం వచ్చింది. బరువు 15 గ్రాములు, నూటికి 80 పాళ్లు వెండి. మా నాన్నగారు ఒకటి తెచ్చి మా అమ్మ చేతికిచ్చారు, అది దేవుడి గూట్లో పసుపుకుంకాల భరిణె పక్కన ఉండిపోయింది. దానిలో 12 గ్రాముల స్వచ్ఛమైన వెండి. 2025లో కిలో వెండి లక్షన్నర రూపాయలు తాకినప్పుడు లెక్క వేస్తే లోహమే 1,800 రూపాయలు. పది రూపాయలు యాభై ఆరేళ్లలో అంతయితే ఏడాదికి తొమ్మిది, పది శాతం మధ్య పెరిగినట్టు. ఇది మంచి పెట్టుబడేనని ఒప్పుకోవలసిందే. అయితే అది జరగడానికి కారణం, ఆ నాణేన్ని పది రూపాయల ముఖవిలువకే మా నాన్నగారికి ఇవ్వడం. గాంధీగారి బొమ్మకు విడిగా రుసుము పుచ్చుకోలేదు.

2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఎన్టీఆర్ శతజయంతి నాణెం విడుదల చేశారు. వంద రూపాయల నాణెం, 35 గ్రాములు, సగం వెండి, తయారయింది మన హైదరాబాదు టంకశాలలోనే. చెలామణికి కాదు, దాచుకోవడానికే. ధర పెట్టెను బట్టీ రకాన్ని బట్టీ నాలుగు వేల రూపాయలకు పైమాటే. ఆనాడు కిలో వెండి డెబ్బయి అయిదు వేల ప్రాంతంలో ఉంది కనుక, నాణెంలోని పదిహేడున్నర గ్రాముల విలువ సుమారు 1,300 రూపాయలు. మిగిలినది రామారావుగారి మీది అభిమానానికి మనం చెల్లించిన ధర. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. సినిమా టిక్కెట్టు కొన్నవాడు దాన్ని లాభానికి అమ్ముదామనుకోడు. కొన్నవారిలో ఎందరో దాన్ని పటం కట్టించి గోడకు పెట్టుకుని ఉంటారు, వారికి పూర్తి ఫలితం దక్కినట్టే. "మనవల నాటికి లక్షలు పలుకుతుంది" అని బీరువాలో పెట్టి తాళం వేసినవారిని తలుచుకుంటేనే నాకు 1957 నాటి విప్పని కవర్లు గుర్తుకు వస్తాయి. ఆ తరువాత వెండి ఆకాశానికి ఎగిరింది నిజమే. 2025 డిసెంబరులో కిలో రెండు లక్షలు దాటినప్పుడు ఆ పదిహేడున్నర గ్రాములు 3,500 రూపాయలయ్యాయి. అదే నాలుగు వేలకు 2023లో ఒట్టి వెండి కొని ఉంటే పదివేలు దాటేది.

అన్ని సెట్లూ ఇంతేనా అంటే, కాదు. 1995లో అమెరికా టంకశాల నాలుగు బంగారు నాణేలతో కలిపి 999 డాలర్లకు ఒక సెట్టు అమ్మింది. అందులో ఉన్న ఒక ఔన్సు వెండి నాణెం విడిగా దొరకదు, ముద్రించినవి 30,125. బంగారం కొంటేనే వెండి ఇస్తామనడమేమిటని సేకరించేవారు మండిపడ్డారు, చాలామంది కొనలేదు. ఆ వెండి నాణెం ఒక్కటే తరువాత వేల డాలర్లకు చేరింది. ఇక్కడా అదే సూత్రం, కొనడానికి జనం విసుక్కున్నారు. ఏ సెట్టును జనం విసుక్కుంటారో ముందుగా పసిగట్టే విద్య ఉంటే చెప్పండి, నేనూ నేర్చుకుంటాను.

ఇక ఆ అట్టపెట్టె. అందులో ఆరు ప్రూఫ్ సెట్లు, వాటి కింద రాష్ట్రాల పటం అట్ట ఉన్నాయి. ఆ అట్టలో గుంటలు సగం ఖాళీ. అప్పటి మా అపార్టుమెంటులో బట్టలుతికే యంత్రానికి పావు డాలర్లే వేయాలి. చిల్లర లేని రాత్రుళ్లు మా ఆవిడ మొహమాటం లేకుండా ఒక్కో రాష్ట్రాన్నీ పీకి యంత్రంలో వేసేసేది. పెన్సిల్వేనియా, జార్జియా, కనెక్టికట్ అలా పోయాయి. న్యూజెర్సీ జోలికి మాత్రం పోలేదు, అమ్మాయి పుట్టిన ఊరని. డెలవేర్ కూడా మిగిలింది. దాని మీద గుర్రం మీది రౌతు బొమ్మ ఉంటుంది. నాలుగేళ్లప్పుడు మా పిల్ల రోజూ దాన్ని బయటికి తీసి నేలమీద పరిగెత్తించేది, బొమ్మ అరిగిపోయింది. కాలేజీకి వెళ్లేటప్పుడు "ఇందులో నీకేం కావాలమ్మా" అంటే ఆ గుర్రం నాణెం తీసుకుని, ప్రూఫ్ సెట్లు "నీ దగ్గరే ఉంచు నాన్నా" అంది.

మరునాడు మా తమ్ముడికి ఫోను చేసి ఈ లెక్కలన్నీ వరసగా వినిపించాను. పాప పేరున బ్యాంకులోనో, పోస్టాఫీసులోనో వేయి, ముచ్చట తీరడానికి ఏడాదికొక సెట్టు కొను, అమ్మే ఆలోచన పెట్టుకోకు అన్నాను. ఓపికగా విన్నాడు. కాసేపు మాట్లాడలేదు. ఒప్పుకున్నాడనుకున్నాను.

"అయితే అన్నయ్యా," అన్నాడు చివరికి, "ఆ 1999 వెండి సెట్టు మూడొందలు పలికింది ఇప్పుడు చవగ్గా దొరుకుతుందన్నమాట!"